రికమండేషన్ ఎవరిది, చెవులు ఎవరివి?

పులివెందులలో గానీ ప్రొద్దుటూరులో గానీ 'రికమండేషన్' అన్నారంటే అది ఉద్యోగం సంగతే. ఎవరి లెటర్ తెచ్చినావు, ఎవరు చెప్పినారు, ఎంత అడిగినారు? జమ్మలమడుగు బస్టాండులో ఈ మాటలు చెవిన పడితే పాటల గురించి మాట్లాడుకుంటున్నారని ఎవరూ అనుకోరు. కానీ మీ జేబులో ఉన్న ఫోన్ పొద్దుటి నుంచి రాత్రి దాకా చేస్తున్న పని అదే. 'మీ కోసం' అంటూ పాట మీద పాట పెడుతుంది. మీరు అడగలేదు. అయినా వస్తోంది. అది ఎవరు చెబితే వస్తోంది, చెప్పినవాళ్లకు ఏం ముడుతోంది అన్న ప్రశ్న మాత్రం మనం వేసుకోం. లెటర్ ఇచ్చే నాయకుడి విషయంలో అంత జాగ్రత్తగా ఆలోచించే మనం ఇక్కడ ఎందుకు ఆలోచించం?

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి ఈ వారం ఒక వింత దారి పడదాం. నాయిజ్ రాక్ అనే సంగీతం ఉంది. అమెరికాలో పుట్టి, జపాన్, ఐర్లండ్, కెనడాల దాకా వెళ్లింది. మన రీల్స్‌లో వినిపించదు, పెళ్లి బ్యాండులో వాయించరు. సరిగ్గా అందుకే పనికొస్తుంది. ఫోన్ తనంతట తాను మీ ముందు పెట్టని దాన్ని వెతికి పట్టుకోవడం, నచ్చితే ఎందుకు నచ్చిందో ఇంకొకరికి చెప్పగలగడం చిన్న పనులు కావు. ఇంటర్వ్యూ గదిలో కూడా మిమ్మల్ని అడిగేది దాదాపు అవే.

మొదట వార్త. 2025 జూన్ నెలాఖరులో డీర్‌హూఫ్ అనే బ్యాండ్ తన పాటలన్నీ స్పాటిఫై నుంచి తీసేస్తున్నట్టు ప్రకటించింది. 1994లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన ఈ బ్యాండ్ మూలాలు నాయిజ్ రాక్‌లోనే ఉన్నాయి. కారణం ఏమంటే, స్పాటిఫై వ్యవస్థాపకుడు డానియెల్ ఎక్‌కు చెందిన పెట్టుబడి సంస్థ ప్రైమా మెటీరియా, హెల్సింగ్ అనే జర్మన్ కంపెనీలోకి 60 కోట్ల యూరోల పెట్టుబడి రావడానికి ముందు నిలిచింది. హెల్సింగ్ చేసేది యుద్ధ డ్రోన్లు, యుద్ధరంగానికి కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్. యూరప్ రక్షణ కోసమే అని ఆ కంపెనీ వాదన. తమ సంగీతం మీద వచ్చే డబ్బు మనుషుల్ని చంపే యంత్రాల్లోకి పోవడం తమకు ఇష్టం లేదని డీర్‌హూఫ్ వాదన. తర్వాత కొన్ని వారాల్లోనే షూ షూ, ఆస్ట్రేలియాకు చెందిన కింగ్ గిజర్డ్ అండ్ ద లిజర్డ్ విజర్డ్ అదే దారి పట్టాయి. డానియెల్ ఎక్ 2026 జనవరి నుంచి సీఈవో పదవి వదిలి ఎగ్జిక్యూటివ్ చైర్మన్‌గా ఉన్నారు.

అదే జూన్‌లో ఇంకో సంగతి జరిగింది. వెల్వెట్ సన్‌డౌన్ అనే బ్యాండ్ ఒక్కసారిగా స్పాటిఫైలో పైకి లేచింది. చూస్తుండగానే నెలకు 10 లక్షలు దాటి శ్రోతలు. ఫొటోలో నలుగురు కుర్రాళ్లు, పేర్లు, చరిత్ర, అంతా ఉంది. తీరా చూస్తే బ్యాండే లేదు. పాటలు, ఫొటోలు అన్నీ ఏఐతో చేసినవేనని జూలై మొదట్లో తేలింది. ఫ్రెంచ్ స్ట్రీమింగ్ సంస్థ డీజర్ 2025 నవంబర్‌లో చెప్పిన లెక్క ప్రకారం దాని దగ్గరకు రోజూ పూర్తిగా ఏఐ తయారుచేసిన పాటలు 50 వేల దాకా వచ్చిపడుతున్నాయి. రోజూ కొత్తగా చేరే పాటల్లో అవి మూడో వంతు. 8 దేశాల్లో 9 వేల మందికి వినిపించి చూస్తే 97 శాతం మంది ఏది మనిషిదో ఏది యంత్రానిదో చెప్పలేకపోయారట. మనకూ ఆ పరీక్ష పెడితే ఎన్ని మార్కులు వస్తాయో ఊహించుకోవచ్చు.

ఇక అసలు విషయానికి వద్దాం. స్పాటిఫైలో 2020 నుంచి డిస్కవరీ మోడ్ అని ఒక ఏర్పాటు ఉంది. కళాకారుడో లేబులో ఒక పాటను అందులో పెడితే, రేడియో, ఆటోప్లే లాంటి చోట్ల ఆ పాట మీ చెవిన పడే అవకాశం పెరుగుతుంది. బదులుగా అలా విన్నప్పుడు వచ్చే రాయల్టీలో 30 శాతం స్పాటిఫై కమీషన్‌గా కోసుకుంటుంది. ముందుగా డబ్బు కట్టక్కర్లేదు కాబట్టి చిన్నవాళ్లకు ఇది అవకాశమే అని కంపెనీ అంటుంది. అందులోనూ కొంత నిజం ఉంది. కానీ వినేవాడి వైపు నుంచి చూడండి. 'మీ అభిరుచికి తగ్గ పాట' అని వచ్చింది నిజంగా మీ అభిరుచిని బట్టి వచ్చిందా, 30 శాతం వదులుకున్నందుకు వచ్చిందా? పాట పక్కన ఏ గుర్తూ ఉండదు. మన దగ్గర లెటర్ తెచ్చుకున్నవాడి సంగతి కనీసం వీధి చివరి టీ కొట్టు దాకా తెలిసిపోతుంది. ఇక్కడ అదీ లేదు.

2024 నుంచి ఇంకో నియమం వచ్చింది. గడిచిన 12 నెలల్లో కనీసం వెయ్యిసార్లు వినిపించని పాటకు స్పాటిఫై రాయల్టీ లెక్కే కట్టదు. పెద్దవాళ్లకు ఇది తేడా కాదు. కానీ ఊరికి నలుగురు మాత్రమే వినే సంగీతానికి ఇది గేటు దగ్గరే నిలిపేసే కండిషన్. ఫ్రెషర్‌కు రెండేళ్ల అనుభవం అడిగినట్టు.

మోత, రొద, గోల

ఇంతకీ నాయిజ్ రాక్ అంటే ఏమిటి? 'నాయిజ్ అంటే గోల కదా, గోలను డబ్బిచ్చి వినడమేంది' అని మీ నాన్న అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. తెలుగులో చప్పుడుకు ఒక్క పేరు లేదు. మనుషులు అరిస్తే గోల, మిల్లు తిరిగితే రొద, గంట కొట్టాక చెవిలో మిగిలేది మోత. మనం వీటిని సంగీతం నుంచి వేరుగా పెడతాం. నాయిజ్ రాక్ వాళ్లు చేసింది ఈ గోడను తీసేయడమే. పెళ్లి పందిట్లో మైక్ పట్టుకున్నవాడు సౌండ్ బాక్స్ దగ్గరకు పోతే 'కూఁ...' మని ఒక చెవులు చిల్లులుపడే అరుపు వస్తుంది కదా, దాన్నే ఫీడ్‌బ్యాక్ అంటారు. మైక్‌లోకి పోయిన శబ్దం బాక్సులోంచి వచ్చి, మళ్లీ మైక్‌లోకే పోయి, చక్రంలా తిరుగుతూ పెరిగిపోవడం. మన మైక్‌సెట్ కుర్రాడు పరిగెత్తుకొచ్చి ఆపేస్తాడు. నాయిజ్ రాక్ గిటారిస్టు దాన్ని ఆపడు. గిటార్‌ను ఆంప్లిఫయర్ ముందు అటూ ఇటూ తిప్పుతూ ఆ అరుపును వంచుతాడు, సాగదీస్తాడు, డ్రమ్ముల లెక్కలోకి తెస్తాడు.

కాబట్టి ఇది సౌండ్ పెంచడం కాదు. ఆ తేడా తెలియాలంటే 2024 నవంబర్‌లో వచ్చిన 'కంగువ' గుర్తుచేసుకోండి. థియేటర్లో చెవులు పగిలిపోతున్నాయని జనం గోల పెడితే, సౌండ్ రెండు పాయింట్లు తగ్గించమని నిర్మాతే థియేటర్లను కోరాల్సి వచ్చింది. ఆస్కార్ అందుకున్న సౌండ్ డిజైనర్ రసూల్ పూకుట్టి కూడా ఆ హోరును బహిరంగంగా తప్పుపట్టారు. అందులో ఉన్నది వాల్యూమ్ మాత్రమే. మంచి నాయిజ్ రాక్ రికార్డును ఫోన్‌లో సన్నగా పెట్టుకుని విన్నా దాని గరుకుదనం పోదు. (పూకుట్టి చదివింది పుణె ఎఫ్‌టీఐఐలో. సౌండ్ మీద ఆసక్తి ఉన్న డిగ్రీ విద్యార్థులు అక్కడా, కోల్‌కతా సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్‌లోనూ ఉన్న సౌండ్ కోర్సుల నోటిఫికేషన్లు చూస్తూ ఉండండి. మన జిల్లాలో ఈ మాట చెప్పేవాళ్లు తక్కువ.)

ఈ సంగీతానికి మన చెవి పూర్తిగా కొత్తదేం కాదు. మైసూరు తర్వాత ప్రొద్దుటూరు దసరానే అని ఇక్కడివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. మెరవణిలో పలకలు, తప్పెట్లు, బ్యాండు, బాణాసంచా అన్నీ ఒకేసారి మోగుతుంటే వాటి మధ్యలో నిలబడి చూడండి. రాగం ఏదో తెలియదు, కానీ ఛాతీలో దెబ్బ తగులుతుంది. జపాన్‌లోని ఒసాకాకు చెందిన బోర్‌డమ్స్ అనే బ్యాండ్ 2007 జూలై 7న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో నది ఒడ్డున 77 మంది డ్రమ్మర్లను సుడి ఆకారంలో కూర్చోబెట్టి వాయించింది. ఏడో నెల, ఏడో తేదీ, ఏడో సంవత్సరం అని 77. ఆ వీడియో ముక్కలు చూస్తే మన మెరవణికి దగ్గరి చుట్టంలా అనిపిస్తుంది.

పాతవాటిలో ఎక్కడ మొదలుపెట్టాలి? చాలామంది వెల్వెట్ అండర్‌గ్రౌండ్ 1968లో చేసిన 'వైట్ లైట్, వైట్ హీట్' నుంచి మొదలుపెట్టమంటారు. చరిత్ర కోసం మంచిదే. నా మాట వింటే మాత్రం మొదట సోనిక్ యూత్ వినండి. న్యూయార్క్‌లో 1981లో మొదలైన బ్యాండ్. గిటార్ తీగలను అందరిలా శ్రుతి చేయరు. తమకు నచ్చినట్టు మార్చేస్తారు, తీగల కింద స్క్రూడ్రైవర్లు, డ్రమ్ పుల్లలు దూరుస్తారు. డబ్బుల్లేక కొన్న చవక గిటార్లు మామూలు శ్రుతిలో బాగా పలకకపోవడం కూడా ఆ అలవాటుకు ఒక కారణం. లోటును బాణీగా మార్చుకున్నారన్నమాట. వాళ్ల 'డేడ్రీమ్ నేషన్' 1988లో వచ్చింది. అందులో పాట ఉంటుంది, మధ్యలో పాట విరిగిపోతుంది, మళ్లీ అతుక్కుంటుంది. మొదటిసారి వినేవారికి పట్టుకోవడానికి ఒక కొస దొరుకుతుంది.

ఆఫర్ లెటర్ చదవడం నేర్పిన మనిషి

ఈ సంగీతంలో ఉద్యోగార్థులు తప్పక తెలుసుకోవాల్సిన మనిషి ఒకరున్నారు. స్టీవ్ అల్బినీ. 2024 మే 7న 61 ఏళ్ల వయసులో చికాగోలో చనిపోయారు. చదివింది జర్నలిజం. 1980ల్లో బిగ్ బ్లాక్ అనే బ్యాండ్ నడిపారు. డ్రమ్మర్ బదులు డ్రమ్ మెషీన్ పెట్టుకుని, ఆల్బమ్ అట్ట మీద దానికీ 'రోలాండ్' అని బ్యాండ్ సభ్యుడిలా పేరు వేశారు. 1986 నాటి 'అటామైజర్' వింటే పాలిష్ ఫ్యాక్టరీలో బండ కోస్తున్న బ్లేడు గుర్తొస్తుంది. వాళ్ల చివరి ఆల్బమ్ పేరు మాత్రం దినపత్రికలో అచ్చువేసేది కాదు.

1993లో ఆయన 'ద బాఫ్లర్' అనే పత్రికలో ఒక వ్యాసం రాశారు. పెద్ద కంపెనీతో ఒప్పందం చేసుకున్న ఒక ఊహాత్మక బ్యాండ్ లెక్క పద్దు పద్దుగా వేసి చూపించారు. చేతికి వచ్చిన అడ్వాన్సు 2.5 లక్షల డాలర్లు. రికార్డులు 2.5 లక్షల కాపీలు అమ్ముడుపోయాయి. బయటికి చూస్తే పెద్ద హిట్. అడ్వాన్సులోంచి స్టూడియో ఖర్చు, మేనేజర్ వాటా, లాయర్ ఫీజు, వీడియో ఖర్చు, టూర్ బస్సు అద్దె ఒక్కొక్కటిగా కోత పడుతూ వస్తాయి. చివరికి కంపెనీకి మిగిలింది 7.1 లక్షల డాలర్లు. బ్యాండులో ఒక్కొక్కరికి మిగిలింది 4,031 డాలర్ల 25 సెంట్లు. చిల్లర కొట్టులో పనిచేసినా దీనికి మూడింతలు వచ్చేది అని ఆయన తేల్చారు. పైగా బ్యాండ్ కంపెనీకి ఇంకా 14 వేల డాలర్లు బాకీ.

ఇప్పుడు మీ చేతికి వచ్చిన ఆఫర్ లెటర్ తీయండి. పైన 3.6 లక్షల సీటీసీ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. పన్నెండుతో భాగిస్తే నెలకు 30 వేలు. ఇంట్లో అదే చెప్పేస్తాం. కానీ అందులో కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్, పనితీరు బాగుంటేనే వచ్చే వేరియబుల్ పే అన్నీ కలిపి ఉంటాయి. వాటిని తీసేసి, మీ వాటా పీఎఫ్ కోసి, బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో పీజీ అద్దె తీసేసి చూడండి. తర్వాత బాండ్ ఉందా, ఎన్నేళ్లు, మధ్యలో వదిలితే ఎంత కట్టాలి, ట్రైనింగ్ ఖర్చు ఎవరి నెత్తిన అన్నవి చూడండి. అల్బినీ చేసింది ఇదే. పై అంకెను నమ్మకుండా కింది అంకె దాకా వెళ్లడం. ముందే డబ్బు కట్టమనే 'ట్రైనింగ్ ప్లస్ ప్లేస్‌మెంట్' సంస్థల విషయంలో ఈ లెక్క ఇంకా ముందుగానే, అడ్వాన్సు కట్టకముందే వేయాలి. వాళ్ల రికమండేషన్‌కు వాళ్లకు ముట్టేది మీ జేబులోంచే కదా.

ఆయన మాట చెప్పి ఊరుకున్న మనిషి కాదు. నిర్వాణా బ్యాండ్ అప్పటికే ప్రపంచ ప్రసిద్ధి. 1993లో వచ్చిన వాళ్ల 'ఇన్ యుటెరో'ను రికార్డు చేయడానికి ఒప్పుకునే ముందు అల్బినీ వాళ్లకు ఒక ఉత్తరం రాశారు. నాకు రాయల్టీ వద్దు, ప్లంబర్‌కు ఇచ్చినట్టు చేసిన పనికి కూలి ఇవ్వండి చాలు అన్నది దాని సారాంశం. లక్షల డాలర్లు వచ్చే వాటాను అలా వదులుకున్నారు. పాట రాసింది, వాయించింది వాళ్లు కాబట్టి అమ్ముడైన ప్రతి కాపీ మీదా తనకు వాటా రావడం న్యాయం కాదని ఆయన లెక్క. 'ప్రొడ్యూసర్' అని పేరు వేయడం కూడా ఇష్టపడేవారు కాదు. 'రికార్డు చేసినవారు' అంటే చాలు. 1997లో చికాగోలో సొంతంగా ఎలక్ట్రికల్ ఆడియో స్టూడియో పెట్టి, పేరున్న బ్యాండ్లతో పాటు ఎవరికీ తెలియని బ్యాండ్లకూ అందుబాటు ధరలో పనిచేశారు.

ఇంత మెచ్చుకున్నాక మచ్చ కూడా చెప్పాలి. కుర్ర వయసులో ఆయన అన్న మాటలు, ఒక బ్యాండుకు పెట్టిన పేరు పరమ అసహ్యమైనవి. అవి తప్పని, తమలాంటివాళ్లు ఆ మాటల బరువు తెలియకుండా మాట్లాడామని తర్వాతి రోజుల్లో ఆయనే బహిరంగంగా ఒప్పుకున్నారు. ఈ సంగతి దాచి ఆయన్ను మీకు రికమండ్ చేస్తే అది లెటర్‌లో బ్యాక్‌లాగులు రాయకుండా వదిలేయడం లాంటిదే.

ఇదే చికాగోలో టచ్ అండ్ గో అనే రికార్డు కంపెనీ ఉంది. లాభంలో సగం మీది, సగం మాది అని నోటిమాటతో, చేయి కలిపి ఒప్పందాలు చేసుకునేది. కాగితం లేదు. వినడానికి మన పల్లె పద్ధతిలా ఎంతో బాగుంటుంది. టెక్సాస్‌కు చెందిన ఒక బ్యాండ్ మాకు ఈ ఒప్పందం చాలు, పాత రికార్డుల హక్కులు వెనక్కివ్వండి అని కోర్టుకెక్కింది. గడువు రాసుకోని ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు వాళ్లకుందని 1999లో అప్పీల్ కోర్టు చెప్పింది. బ్యాండ్ గెలిచింది. ఎవరి పక్షం న్యాయం అన్నది ఇప్పటికీ సంగీతాభిమానులు కొట్టుకునే విషయం. నా మటుకు నాకు కంపెనీ మీదే జాలి కలుగుతుంది. కాగితం లేకపోవడం మాత్రం ఇద్దరి తప్పూ.

టచ్ అండ్ గో నుంచే 1991లో జీసస్ లిజర్డ్ బ్యాండ్ 'గోట్' వచ్చింది. రికార్డు చేసింది అల్బినీయే. బాస్ గిటార్, డ్రమ్ములు రైలు పట్టాల్లా తిన్నగా పోతుంటే, గాయకుడు డేవిడ్ యో మాత్రం ఆ రైలు కింద పడ్డవాడిలా మూలుగుతాడు, కేకలేస్తాడు. ఆ బ్యాండ్ 26 ఏళ్ల తర్వాత 2024 సెప్టెంబర్‌లో 'ర్యాక్' అనే కొత్త ఆల్బమ్ విడుదల చేసింది. అరవై దాటిన మనుషులు. పస తగ్గలేదు. అల్బినీ సొంత బ్యాండ్ షెల్లాక్ చివరి ఆల్బమ్ 'టు ఆల్ ట్రెయిన్స్' ఆయన పోయిన పది రోజులకు, 2024 మే 17న వచ్చింది.

గుట్టల పేరు పెట్టుకున్న బ్యాండ్

కొత్తవాళ్లలో ఒక్కరినే వినాలంటే చాట్ పైల్ వినండి. అమెరికాలోని ఓక్లహామా సిటీ వాళ్లు. 'చాట్' అంటే మాట్లాడుకోవడం కాదు. ఓక్లహామా ఈశాన్య మూలన పిచర్ అనే ఊరి చుట్టూ సీసం, జింకు గనులుండేవి. ఖనిజం తీసుకున్నాక మిగిలిన రాతి పొడిని అక్కడ 'చాట్' అంటారు. ఆ పొడి ఊరి పక్కన కొండల్లా పేరుకుపోయింది. పిల్లలు ఆ గుట్టల మీదే ఆడుకున్నారు. అందులో సీసం ఉంది. నీళ్లు, నేల విషమయ్యాయి. 1983లో అమెరికా ప్రభుత్వం ఆ ప్రాంతాన్ని తక్షణం శుభ్రం చేయాల్సిన కలుషిత ప్రాంతాల జాబితాలో చేర్చింది. చివరికి జనాన్ని తరలించాల్సి వచ్చింది. 2009లో పిచర్ ఊరుగా ఉండటం మానేసింది. ఆ గుట్టల పేరే తమ పేరుగా పెట్టుకున్న బ్యాండ్ ఇది.

మీది ఎర్రగుంట్ల అయినా, జమ్మలమడుగు అయినా రోడ్డు పక్కన పాలిష్ ఫ్యాక్టరీల వెనక పడి ఉన్న నాపరాతి ముక్కల గుట్టలు మీకు తెలుసు. ఎండిపోయి తెల్లగా గాలికి లేచే రాతి బురదా తెలుసు. పులివెందులవాళ్లకు వేముల మండలం తుమ్మలపల్లె యురేనియం గని సంగతి చెప్పక్కర్లేదు. అక్కడి టైలింగ్ పాండ్, అంటే శుద్ధి చేశాక మిగిలిన వ్యర్థాల చెరువు వల్ల బోర్ల నీళ్లు పాడైపోయాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని చుట్టుపక్కల పల్లెల రైతులు ఏళ్లుగా ఫిర్యాదు చేస్తున్నారు. గని నడిపే యూసీఐఎల్ ఆ ఆరోపణను ఒప్పుకోలేదు. పిచర్ సంగతీ తుమ్మలపల్లె సంగతీ ఒకటే అని నేను అనడం లేదు. అది సీసం, ఇది యురేనియం. అక్కడ ఊరు ఖాళీ అయింది, ఇక్కడ పల్లెలున్నాయి, ఆ గనిలోనే ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లున్నారు, ఆ ఉద్యోగాల కోసం ఎదురుచూస్తున్నవాళ్లూ ఉన్నారు. నేను చెప్పేది ఒక్కటే. గని పక్కన పుట్టినవాడి చెవికి ఈ పాట పరాయిది కాదు.

చాట్ పైల్ మొదటి ఆల్బమ్ 'గాడ్స్ కంట్రీ' 2022లో వచ్చింది. మొదటి పాట కబేళా గురించి, రెండో పాట 'వై'. మనుషులు రోడ్ల మీద ఎందుకు పడుకోవాల్సి వస్తోంది అని గాయకుడు అడుగుతాడు. కవిత్వం ఏమీ లేదు. చిన్నపిల్లాడు అడిగినట్టు అదే ప్రశ్న మళ్లీ మళ్లీ, గొంతు పెరుగుతూ. వెనక గిటార్లు లారీ గేరు మార్చినట్టు గురగురమంటాయి. రాజకీయ ఉపన్యాసం వంద విన్నా కలగని ఇబ్బంది ఈ పాటతో కలుగుతుంది. 2024 అక్టోబర్‌లో వచ్చిన 'కూల్ వరల్డ్' రెండోది. దాని రేంజ్ పెద్దదే గానీ, మొదటిదే బలమైనదని నా అభిప్రాయం.

మన వైపు ఇలాంటివాళ్లు లేరా అంటే, దగ్గరగా వచ్చేది హైదరాబాద్ నుంచి మొదలైన గాడ్‌లెస్. నాయిజ్ రాక్ కాదు, డెత్ మెటల్. 2021 నాటి వాళ్ల 'స్టేట్స్ ఆఫ్ ఖేయాస్' వినండి. తెలుగు రాష్ట్రాల్లో సినిమా పాటకు బయట కూడా ఇంత కరుకైన సంగీతం తయారవుతుందని తెలుస్తుంది. సీమ బండల మిల్లుల మోతను పాటలోకి తెచ్చే బ్యాండ్ యోగి వేమన వర్సిటీ ప్రొద్దుటూరు ఇంజనీరింగ్ కాలేజీ నుంచో, పులివెందుల జేఎన్టీయూ హాస్టల్ నుంచో వస్తే అది మాత్రం కొత్త వార్త అవుతుంది.

వెతకడం ఎట్లా, చెప్పడం ఎట్లా

యాప్ చెప్పకపోతే ఇవన్నీ ఎట్లా తెలుస్తాయి? పాత పద్ధతే. ఒక ఆల్బమ్ నచ్చితే దాన్ని రికార్డు చేసింది ఎవరు, విడుదల చేసింది ఏ లేబుల్ అని చూడండి. అదే మనిషి, అదే లేబుల్ ఇంకేం చేశారో చూడండి. 'గోట్' నుంచి అల్బినీకి, అల్బినీ నుంచి టచ్ అండ్ గోకి, అక్కడి నుంచి ఇంకో పది బ్యాండ్లకు దారి పడుతుంది. బ్యాండ్ సభ్యులు ఇంటర్వ్యూల్లో తాము ఎవర్ని విని పెరిగామో చెబుతారు. అదీ పట్టుకోండి. బ్యాండ్‌క్యాంప్ అనే సైట్‌లో చాలా ఆల్బమ్‌లు కొనకుండానే విని చూడొచ్చు. ఏఐ తయారుచేసిన సంగీతాన్ని తన దగ్గర పెట్టనివ్వబోనని అది 2026 జనవరిలో ప్రకటించింది. అయితే అదీ ఏమీ ధర్మసత్రం కాదు. 2022లో ఎపిక్ గేమ్స్ చేతికి, 2023లో సాంగ్‌ట్రేడర్ చేతికి మారింది, ఆ మార్పులో సగం మంది ఉద్యోగులు ఇంటికి పోయారు. ఇయర్‌ఫోన్స్ సంగతి కూడా ఒక్క మాట. పెద్దలకు వారానికి 40 గంటల పాటు 80 డెసిబెల్స్ దాకా ఫర్వాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. ఈ సంగీతం సన్నగా విన్నా పనిచేస్తుందని ముందే చెప్పాను.

ఇప్పుడు ఇంటర్వ్యూ. రెజ్యుమె కింద 'హాబీలు: పాటలు వినడం' అని రాసి ఉంటుంది. హెచ్‌ఆర్ నవ్వుతూ 'ఏం వింటావమ్మా?' అంటారు. 'మెలడీస్ సార్' అన్నాక ఇంక మాట రాదు. ఆయన అడిగింది పాటల గురించి కాదు. ఒక విషయం మీద నీకంటూ అభిప్రాయం ఉందా, దాన్ని తెలియనివాడికి అర్థమయ్యేట్టు చెప్పగలవా అని. 'చాట్ పైల్ అని ఒక అమెరికా బ్యాండ్ వింటాను సార్, గని వ్యర్థాల గుట్టల పేరు పెట్టుకున్నారు, మాది గనుల ప్రాంతం కాబట్టి దగ్గరగా అనిపించింది. మీకు గట్టిగా అరిచే గొంతు పడకపోతే నచ్చకపోవచ్చు' అన్నారనుకోండి. నాలుగు ముక్కల్లో ఏమిటో, ఎందుకో, ఎవరికి నచ్చదో వచ్చేసింది. ఆ చివరి ముక్క, ఎవరికి నచ్చదో చెప్పేది, ఏ యాప్ నోటా రాదు. నాయిజ్ రాకే అక్కర్లేదు. ఇళయరాజా గురించైనా, అన్నమయ్య గురించైనా, మీ ఊరి చెక్కభజన గురించైనా ఇంత కచ్చితంగా చెప్పగలిగితే చాలు. కానీ విననిది విన్నట్టు మాత్రం చెప్పకండి. రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

ఈ రంగం నుంచి ఉద్యోగం దాకా వెళ్లిన ఒక దారీ చెప్పాలి. లైట్నింగ్ బోల్ట్ అని ఇద్దరి బ్యాండ్. ఒకరు బాస్, ఒకరు డ్రమ్ములు, అంతే. 2003 నాటి 'వండర్‌ఫుల్ రెయిన్‌బో' వింటే ఇద్దరే అంటే నమ్మరు. అందులో బాస్ వాయించే బ్రయాన్ గిబ్సన్ హార్మొనిక్స్ అనే గేమ్ కంపెనీలో ఆర్టిస్టుగా పనిచేసి, తర్వాత ఇంకొకరితో కలిసి 2016లో 'థంపర్' అనే గేమ్ తెచ్చారు. దాన్ని తాళం గేమ్ అని అమ్మినా, ఆడుతుంటే ఎదురుగా వచ్చేది నాయిజ్ రాకే. బీటెక్ చదువుతూ గేమింగ్ వైపు చూస్తున్నవాళ్లు ఆ గేమ్ ఒకసారి ఆడి చూడాలి.

పులివెందుల నుంచి ముద్దనూరు మీదుగా జమ్మలమడుగుకో, ఎర్రగుంట్ల మీదుగా ప్రొద్దుటూరుకో బస్సెక్కారనుకోండి. నా వరస ఇది: మొదట 'డేడ్రీమ్ నేషన్'లో తొలి పాట. నచ్చితే 'గోట్' మొత్తం, అరగంటే. టోక్యోకు చెందిన మెల్ట్ బనానా 11 ఏళ్ల విరామం తర్వాత 2024లో తెచ్చిన '3+5' అయితే ఇంకా చిన్నది, పచ్చిమిరపకాయ కొరికినట్టుంటుంది. కిటికీలోంచి సిమెంటు ఫ్యాక్టరీ పొగ గొట్టాలు కనిపించే వేళకు 'గాడ్స్ కంట్రీ' పెట్టండి. రెండో పాట దగ్గర ఆపేయాలనిపిస్తే ఆపేయండి, పక్క సీటువాళ్లకు ఇయర్‌ఫోన్ మాత్రం అడగకుండా పెట్టొద్దు.